అన్న మెడలో బొగడబంతి దండ

అమెరికాలో డాలస్ దగ్గరి యూలెస్‌లో నేపాలీ వాళ్ళుండే అపార్ట్‌మెంట్లకి వెళ్ళి సబిత్ర పౌడేల్ ఎవరని అడిగితే కాసేపు బుర్ర గోక్కుంటారు. "మెడలు చూసే దిదీ" అని అడగండి, తలుపు నంబరుతో సహా చెప్పేస్తారు. దిదీ అంటే వాళ్ళ భాషలో అక్క. ఆవిడ ఎదురొస్తుంటే మీసం మెలేసే మగాళ్ళు కూడా చొక్కా కాలర్ పైకి లాక్కుంటారు. కొందరు సరదాకి, కొందరు నిజంగానే భయపడి. ఆవిడకి రెండూ ఇష్టమే.

ఆవిడ చేసేది కనుబొమలు తీర్చే పని. పక్క ఊరు ఇర్వింగ్‌లో, మనవాళ్ళ కిరాణా కొట్టుకీ బిర్యానీ హోటల్‌కీ మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న సెలూన్. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొస వేళ్ళకి మెలేసి, టకటకా వెంట్రుకలు లాగేస్తుంటే చూడాలి. శనివారం వచ్చిందంటే మన తెలుగు ఆడవాళ్ళంతా అక్కడే. వాళ్ళ దగ్గరే "కళ్ళు మూయండి", "కొంచెం ఓర్చుకోండి", "అయిపోయింది చూసుకోండి" అని మూడు ముక్కలు నేర్చుకుంది. ఆ మూడూ ఎంత చక్కగా అంటుందంటే, కొత్తగా వచ్చినవాళ్ళు "మీది ఏ ఊరండీ?" అని అడిగేస్తారు. నేపాల్‌లో చిత్వన్ అని చెప్పేసరికి నాలుక కరుచుకుంటారు. మిగతా మాటలన్నీ హిందీ, ఇంగ్లీషు కలిపే నడుస్తాయి.

మనిషి ముక్కుసూటి. కాస్త పొగరు కూడా ఉందనుకోండి. ఆ పొగరు ఆవిడకి ఊరికే రాలేదు, కష్టపడి తెచ్చుకుంది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే తన్వి అనే అమ్మాయి దగ్గర మొదలుపెట్టాలి.

తన్వి ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, కాలేజీలో చదువుతోంది. ఒక రోజు వచ్చి కుర్చీలో కూర్చుని, జుట్టు పైకెత్తి పట్టుకుంది. "ఆంటీ, నా నెక్ చూడండి. మామ్ రోజూ తిడుతుంది, స్నానం సరిగ్గా చెయ్యవు అని. నేను ఎంత స్క్రబ్ చేసినా రెడ్ అవుతుంది గానీ బ్లాక్ పోదు. బ్లీచ్ చేస్తారా?" అంది. మెడ వెనక ముడతల్లో మందంగా, నల్లగా ఉంది. సబిత్రకి ఇది కొత్తేమీ కాదు. ఇలాంటి మెడలు బోలెడు చూసింది, బోలెడింటికి బ్లీచ్ కూడా రాసింది. గిన్నెలో క్రీమ్ కలపడం మొదలుపెట్టింది.

పక్క కుర్చీలో డాక్టర్ కామేశ్వరిగారు ఉన్నారు. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో ఇండియన్ కిరాణా కొట్టన్నదే లేని రోజుల్లో వచ్చి, జీవితమంతా ఇక్కడే డాక్టరీ చేసి రిటైరయిన మనిషి. ఎనభై దగ్గర పడ్డా గడ్డం మీద ఒక్క వెంట్రుక నిలవనివ్వదు. ఆవిడ మొహానికి ఉన్న పౌడర్‌తోనే లేచి కూర్చుంది.

"ఆగమ్మా, ఆగు. అది మట్టి అనుకుంటున్నావా రుద్దితే పోవడానికి? ఒంట్లో ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం మానేస్తే, ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారవుతుంది. అది ఎక్కువైతే చర్మం ఇలా మెడ దగ్గరా చంకల్లోనూ మందమెక్కి నల్లబడుతుంది. ఉన్నవాళ్ళందరికీ షుగర్ వచ్చేసిందని కాదు. ఒకసారి రక్తం చూపించుకో, అంతే."

తన్వి ఆ షుగర్ మాట సగమే విన్నట్టుంది. "అంటే... ఐ యామ్ నాట్ డర్టీ?" అని అడిగి, అలాగే ఏడ్చేసింది. చిన్నప్పటి నుంచి మెడ కడుక్కోదు అనిపించుకున్న పిల్ల, పాపం. కామేశ్వరిగారు దగ్గరికి తీసుకుని, "ఎవరమ్మా డర్టీ? బంగారు తల్లివి. మీ అమ్మని నాతో మాట్లాడమను, నేను చెప్తా దాని సంగతి" అంది.

సబిత్ర బ్లీచ్ గిన్నె సింక్‌లో పడేసింది. అందరూ వెళ్ళాక చేతి అద్దం వెనక పట్టుకుని, గోడ అద్దంలో తన మెడ చూసుకుంది. అమ్మ బాబోయ్, తన మెడా అంతే!

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేపాలీ వాళ్ళలో "ఏంటి, బాగా లావయ్యావు!" అంటే తిట్టు కాదు, మెచ్చుకోలు. చల్లగా ఉన్నావు, కడుపు నిండా తింటున్నావు, మొగుడు బాగా చూసుకుంటున్నాడు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. మన అమ్మమ్మలు "ఒళ్ళు చేశావు, నిండుగా ఉన్నావు" అనేవారు చూడండి, అచ్చం అదే. సబిత్ర అమెరికా వచ్చినప్పుడు కర్రపుల్లలా ఉండేది. రెండు పూటలా గుట్టలా అన్నం, మీద పప్పు, మధ్యలో పంచదార దట్టించిన పాలటీ, పైగా రోజంతా ఒకచోటే నిలబడి చేసే పని. ఒళ్ళొచ్చింది. వచ్చిన ప్రతి కిలోకీ ఎవరో ఒకరు మెచ్చుకున్నారు. ఆవిడా మురిసిపోయింది.

క్లినిక్‌లో రక్తం తీసి షుగర్ ఉందని చెప్పినప్పుడు డాక్టర్ మీద కస్సుమంది. "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెలా వస్తుంది?" అంది. ఆ మాట అని ఇంటికొచ్చాక, వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. చిత్వన్‌లో ఆయన మంచం కింద ఎప్పుడూ రాగి బిందెతో నీళ్ళుండేవి. ఎన్ని తాగినా ఆయనకి దాహం తీరేది కాదు. చివరికి కాలికి ముల్లు గుచ్చుకుని పుండయ్యింది. అది మానలేదు, మనిషే పోయాడు. పుండు విషమించి పోయాడన్నారు ఊళ్ళో అందరూ. షుగర్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎవరికీ లేదని కాదు, ఎవరూ చూపించుకోలేదు. ఆ రోజు సబిత్ర నాన్న కోసం మళ్ళీ కొత్తగా ఏడ్చింది.

మర్నాడు కామేశ్వరిగారికి ఫోన్ చేసింది. ఆవిడ వచ్చి, సబిత్ర వంటగదిలో నిలబడి, గిన్నెల మూతలు తీసి చూసింది. ఆవాకు కూర, ఎండబెట్టిన పులుపు ఆకుల చారు, నల్ల మినప్పప్పు, ముల్లంగి పచ్చడి. "అన్నీ మంచివే కదే! మీ వంటలో తప్పేం లేదు, అన్నం గరిటెలోనే ఉంది. ఆకుకూర కంచంలో సగం పరిచి, పప్పూ మాంసం ఓ పక్కన పెట్టి, మిగిలిన జాగాలో పట్టినంత అన్నం వేసుకో. టీలో పంచదార మానెయ్. డాక్టర్ ఇచ్చిన బిళ్ళ వేసుకో. తిన్నాక నడు" అంది. తన తిండిని ఎవరూ తప్పు పట్టకపోవడం సబిత్రకి భలే నచ్చింది. కేల్ ఆకులు నములు, ఓట్స్ తాగు అని ఉంటే ఆ పూటే మానేసేదేమో.

నడిచింది. మొగుడు దేవ్ ఎయిర్‌పోర్ట్‌లో షటిల్ బస్సు నడుపుతాడు. అతన్నీ లాక్కుని అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగింది. టెక్సస్ ఎండలో చెమటలు కారుతుంటే "నేను బస్సు నడిపేది నడవడం ఇష్టంలేకే" అని అతను గొణిగేవాడు. ఒళ్ళు తగ్గింది, షుగర్ దిగింది. డాక్టరే చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు.

మెచ్చుకున్నది డాక్టరొక్కడే. మిగిలినవాళ్ళంతా పరామర్శకొచ్చారు! దేవ్ ఉద్యోగం పోయిందా అని ఒకరు, ఇద్దరికీ పడట్లేదటగా అని ఇంకొకరు. కింది అంతస్తు ఆవిడైతే పెద్ద టిఫిన్ డబ్బా నిండా పులావు తెచ్చి, "సిగ్గుపడకు, కష్టసుఖాలు అందరికీ ఉంటాయి" అని చేతిలో పెట్టి వెళ్ళింది. సబిత్రకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దేవ్ మాత్రం ఆ పులావు హాయిగా తిన్నాడు.

ఆవిడా మొదట్లో కాస్త అతి చేసిందిలెండి. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ మెడా చూసి "మీకు షుగర్ ఉందేమో" అనడం మొదలుపెట్టింది. ఒకావిడ ఒళ్ళు మండి, ఒక కనుబొమ తీర్చాక రెండోది అలాగే వదిలేసి లేచిపోయింది! ఆ మొహంతో కార్ ఎలా నడుపుకుంటూ వెళ్ళిందో దేవుడికే తెలియాలి. ఓనర్ పిలిచి చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత సన్నగా రివటలా ఉండే ఒక స్నేహితురాలికి, మెడ మీద మచ్చ కూడా లేని మనిషికి, షుగర్ బయటపడింది. అప్పుడు సబిత్రకి తెలిసొచ్చింది, మెడ చూసి జాతకం చెప్పకూడదని. అప్పటినుంచి మాట మార్చింది. "నాకు ఉంది. నా మెడా ఇలాగే ఉండేది. ఒకసారి చూపించుకోండి" అంటుంది. అలా అంటే ఎవరూ లేచిపోరు.

ఊరందరికీ చెప్పింది గానీ, చెప్పాల్సిన మనిషి కుటుంబంలోనే ఉన్నాడు. సొంత అన్న, టంక ప్రసాద్. వాళ్ళ భాషలో అన్నని దాయ్ అంటారు, చెల్లెల్ని బహినీ అంటారు. టంక దాయ్‌కి గ్యాస్ స్టేషన్‌లో కొట్టుంది. తెల్లారి లేచి కౌంటర్ వెనక ఎత్తు స్టూల్ మీద కూర్చుంటే మళ్ళీ చీకటి పడ్డాకే దిగడం. పక్కన తియ్యటి టీ, చేతిలో కోక్. మనిషి ఏనుగులా ఉంటాడు, మనసు కూడా అంత పెద్దదే. ఊళ్ళోకి కొత్తగా ఏ నేపాలీ కుటుంబం దిగినా మొదటి భోజనం అతనింట్లోనే. పొట్ట మీద చెయ్యేసి చరుచుకుంటూ "ఇదే నా అసలు గ్రీన్ కార్డు" అని నవ్విస్తాడు. వాళ్ళమ్మ, అంటే ఆమా, అతని దగ్గరే ఉంటుంది. కొడుకు కంచంలో అన్నం తగ్గితే ఆవిడకి తిన్నది అరగదు.

ఆ ఏడు దశైం పండగకి, అంటే మన దసరాకి, ఆమా చేత బొట్టు పెట్టించుకోడానికి టంక దాయ్ తల వంచాడు. కాలర్ జారింది. వెనక నిలబడ్డ సబిత్ర చూపు అక్కడే పడింది. మెడ చుట్టూ ముడతలు ముడతలుగా, మందంగా, నల్లగా. అది ఒక్కటే అయితే సరే అనుకునేది. కాలి బొటనవేలికి కట్టు కూడా ఉంది. కొత్త బూటు కరిచిందట, వారాలైనా మానలేదట. పైగా కూర్చున్నంతసేపూ ఒకటే నీళ్ళు, ఒకటే బాత్రూమ్. ఇంకేం కావాలి? నాన్న మంచం కింది రాగి బిందె ఆవిడ కళ్ళ ముందు కదిలింది.

"దాయ్, రేపే డాక్టర్ దగ్గరికి పద" అంది.

"నాకేం? గుర్రంలా ఉన్నాను. నీకు షుగరొచ్చిందని ఊరందరికీ అంటిస్తావా?"

"కాలు చూపించుకో పోనీ."

"బూటు మార్చుకుంటే సరిపోతుంది."

ఆమా మధ్యలో అందుకుంది. "ఏంటే ఆ చూపు? వాడి మెడ మీద కన్నేశావా? దిష్టి తగులుతుంది నా బిడ్డకి. నువ్వెలాగూ ఎండిపోయావు, వాణ్ణీ ఎండబెడతావా?" అంది. అని కొడుకు కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది, కూతుర్నే చూస్తూ.

వదిన రష్మి సబిత్రని వంటగదిలోకి లాక్కెళ్ళి, "ఆయన కళ్ళు కూడా మసకేస్తున్నాయి. నేను చెప్తే వినరు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని చేతులు పట్టుకుంది. ఏం చెయ్యాలి? ఫోన్ చేస్తే ఎత్తడు. కొట్టుకి వెళ్తే కస్టమర్లున్నారంటాడు. రోజులు గడిచేకొద్దీ సబిత్రకి అన్నం సయించలేదు. నాన్నని ఎవరూ కాపాడుకోలేదంటే తెలీక. ఇప్పుడు తెలిసి కూడా అన్నని పోగొట్టుకుంటే ఇంక తను దేనికి?

దారి కుర్చీలోనే దొరికింది. కామేశ్వరిగారికి గడ్డం తీర్చుతూ, దీపావళి తర్వాత సెలవు పెడుతున్నానని చెప్పింది. ఎందుకని ఆవిడ అడిగితే భాయ్ టీకా గురించి చెప్పింది. ఆ రోజు అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల చుట్టూ నూనెతో గీత గీస్తారు, యముడు ఆ గీత దాటి లోపలికి రాకూడదని. ఏడు రంగుల బొట్టు పెట్టి, వాడిపోని పూల దండ వేసి, మిఠాయిలు తినిపిస్తారు.

"మాకూ ఉందే! అదే రోజు. భగినీ హస్త భోజనం అంటాం. యముడంతటివాడు చెల్లెలింటికి వెళ్ళి భోంచేశాడట. మరి మీవాళ్ళూ తినే వస్తారా, ఖాళీ కడుపుతోనా?"

"బొట్టు పెట్టేదాకా మెతుకు ముట్టకూడదు. పొద్దుట్నుంచీ ఉపవాసం..."

అంటూనే సబిత్ర చెయ్యి ఆగిపోయింది. దారం వేళ్ళ మధ్య నుంచి జారింది. ఉపవాసం! ఏ క్లినిక్‌కీ రాని మనిషి, ఆ ఒక్క రోజు ఖాళీ కడుపుతో తన ఇంటికొచ్చి, తను గీసిన గీత మధ్యలో, తను లేవమనేదాకా లేవకుండా కూర్చుంటాడు. వేలికి గుచ్చి షుగర్ చూసుకునే తన మెషిన్ సంగతి చెప్పేసరికి, కామేశ్వరిగారు సగం తీర్చిన గడ్డంతో పకపకా నవ్వి, "ఒక్కటి గుర్తుంచుకో. ఆ మెషిన్ తీర్పు చెప్పదు, డాక్టర్ దగ్గరికి తోలుతుంది, అంతే. ఎక్కువొస్తే ఆలస్యం చెయ్యకండి. కాలి పుండుంది" అంది.

భాయ్ టీకా నాడు సబిత్ర ఇల్లు చూడాలి. బాల్కనీ కుండీల్లో పెంచిన బొగడబంతి పూలన్నీ కోసి దండ గుచ్చింది. మన పెరళ్ళలో ఉండే ఆ ఊదారంగు పూలే, ఎండినా రంగు మారవు. గడప దగ్గర అక్రోటు కాయ పెట్టి రాయితో ఒక్క దెబ్బ కొట్టింది, అన్న శత్రువులంతా అలా పగిలిపోవాలని. ఆ దెబ్బకి కాయ పిండైపోయింది. టంక దాయ్ చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. కొత్త టోపీ, ఇస్త్రీ చొక్కా, మొహం నిండా నవ్వు. గరికతో నూనె చిలకరిస్తూ ఆవిడ చుట్టూ తిరిగింది. నుదుటి మీద ఏడు రంగులూ ఒకదాని కింద ఒకటి పెట్టింది. దండ వేసింది. వేస్తూ ఆ మెడ మళ్ళీ చూసింది.

ఇప్పుడు అన్న చెల్లెలికి కానుకివ్వాలి. అతను చీర పొట్లం ముందుకు జరిపాడు. ఆవిడ దాన్ని పక్కన పెట్టింది.

"ఈసారి చీర వద్దు దాయ్. నేనడిగింది ఇస్తావా?"

"అడుగు. కొట్టు రాసివ్వనా?"

"ఒక్క చుక్క రక్తం ఇయ్యి."

అందరూ నవ్వారు. ఆవిడ కొంగు చాటు నుంచి చిన్న మెషిన్ తీసేసరికి నవ్వులాగాయి. ఆమా సోఫాలోంచి లేచింది. "పండగ పూట రక్తమా! నీకు మతి పోయిందా?"

"దశైంకి మేకని కోస్తే వచ్చేది రక్తం కాదా ఆమా? ఇది ఒక్క చుక్కే" అంది సబిత్ర.

టంక దాయ్ చుట్టూ చూశాడు. పదిమంది ముందు సూదికి భయపడ్డాడు అనిపించుకుంటాడా? "ఇంద, రెండు చుక్కలు తీస్కో" అని వేలు చాపాడు. మెషిన్ కాసేపు ఆలోచించింది. మూడు వందల పన్నెండు.

"పాడైపోయింది నీ మెషిన్" అన్నాడు. సబిత్ర సూది మార్చి తన వేలు గుచ్చుకుంది. నూట ఎనిమిది. రష్మి తనంతట తనే వచ్చి చెయ్యి చాపింది. ఇంకో కొత్త సూది. తొంభై నాలుగు. మెషిన్ బాగానే ఉంది.

టంక దాయ్ మొహంలో రక్తం లేదు. చెల్లెలి వంక చూసిన చూపులో కోపం కంటే అవమానం ఎక్కువ కనబడింది. "పదిమందిలో నన్ను రోగిష్ఠిని చేశావు. ఇందుకేనా నన్ను పిలిచింది?" అన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లేవబోయాడు. అన్నం ముట్టకుండా గీత దాటి వెళ్ళిపోతే ఇంక ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య మిగిలేదేమీ ఉండదు. సబిత్రకి ఆ సంగతి తెలుసు.

"కూర్చోరా."

ఆ మాట ఆమాది. ఎప్పుడూ కొడుకు వైపు మాట్లాడే ముసలావిడ. మెల్లిగా నడిచొచ్చి గీత ఇవతల నిలబడింది.

"మీ నాన్న కూడా ఇలాగే నీళ్ళు తాగేవాడు. బిందెడు నేనే నింపి మంచం కింద పెట్టేదాన్ని. కాలి పుండు నేనే కడిగాను. రోజూ కడిగాను. మందు రాశాను, పూజలు చేయించాను. దాని పేరేంటో నాకెవరూ చెప్పలేదురా. దీనికి తెలుసు, చెప్తోంది. కూర్చో. ఆ గీత దాటితే నా మీద ఒట్టే."

నాన్న పుండు ఎవరు కడిగేవారో ఆ పిల్లలిద్దరికీ అప్పటిదాకా ఆమా ఎన్నడూ చెప్పలేదు. టంక దాయ్ కూర్చున్నాడు. కూర్చుని, అంత మనిషీ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నుదుటి మీది ఏడు రంగులూ చేతికంటుకున్నాయి.

ఆమా వంగి కంచం అందుకుంది. సెల్ రోటీలు, అంటే బియ్యప్పిండిలో పంచదార కలిపి నూనెలో చుట్టలుగా వేయించేవి, గుట్టగా ఉన్నాయి. ఆవిడ తన చేత్తోనే ఒక్కొక్కటీ తీసేసింది. "ఇన్నేళ్ళూ నేనే తినిపించాను" అని మాత్రం అంది. చివరిదాన్ని తుంచి చిన్న ముక్క ఉంచింది, పండగ కదా అని. సబిత్ర ముందే వండిపెట్టిన రెండో కంచం తెచ్చింది. వేయించిన చేప, ఉడికించిన గుడ్డు, ఆవాకు కూర, గుప్పెడు అక్రోట్లు. అన్నీ వాళ్ళ పండక్కి శుభమైనవే, కొత్తగా కనిపెట్టినవి కావు. అన్నకి తన చేత్తో మొదటి ముద్ద పెట్టింది. అతను తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే రష్మి అతన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. షుగర్ సంగతి అటుంచి, కాలు చూసిన డాక్టర్, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే వేలు తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు. మందులు, కట్లు, మెత్తటి బూట్లు. పుండు నెమ్మదిగా మానింది. కౌంటర్ వెనక స్టూల్ తీసేశాడు, నిలబడతానన్నాడు. కోక్ డబ్బాలున్న ఫ్రిజ్ పక్కనుంచి ఎలా నడిచాడో అతనికే తెలియాలి. మధ్యలో రెండుసార్లు జారాడు కూడా, దొంగతనంగా జిలేబీ తింటూ రష్మికి దొరికిపోయాడు. చెల్లెలితో మాత్రం కొన్ని వారాలు ముభావంగానే ఉన్నాడు. తర్వాత ఒక శనివారం, సెలూన్ నిండా ఆడవాళ్ళుండగా, అంత మనిషీ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అందరూ తెల్లబోయారు. సబిత్ర పళ్ళ మధ్య దారం ఉంది, నోరు మెదపలేకపోయింది.

"మీ కనుబొమలు తీర్చే ఈవిడ నా చెల్లెలు. నన్ను బతికించింది. అది చెబుదామనే వచ్చాను" అన్నాడు హిందీలో. చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. కుర్చీలో ఉన్న తెలుగావిడ ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి "ఏమైందండీ?" అంటోంది. సబిత్ర "కొంచెం ఓర్చుకోండి" అంది. అని బ్యాక్‌రూమ్‌లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చుకుంది, గర్వంతో.

మరుసటి ఏడు భాయ్ టీకాకి సబిత్ర ఇంట్లో చెప్పుల గుట్ట చూసి పక్కింటి తెల్లాయన పెళ్ళేమో అనుకున్నాడు. కింది అంతస్తువాళ్ళ తమ్ముడు, పులావు తెచ్చిన ఆవిడ అన్నయ్య, ఎవరెవరో. అందరూ ఖాళీ కడుపులతో, వేళ్ళు చాపుకుని వరసగా కూర్చున్నారు. బొట్టుకి ముందు సూది అన్నది ఆ కాంప్లెక్స్‌లో ఆచారమైపోయింది. సబిత్ర ఒక్కొక్కరికీ కొత్త సూది మారుస్తూ, మధ్యలో ఎవరైనా అబ్బా అంటే "ఛీ, మగాడివేనా?" అని దెబ్బలాడుతూ తిరుగుతోంది. ఎక్కువొచ్చిన వాళ్ళ పక్కన రష్మి కూర్చుని అప్పటికప్పుడే క్లినిక్‌కి ఫోన్ చేయిస్తోంది.

టంక దాయ్ వంతొచ్చింది. నూట పద్దెనిమిది. అబ్బో, పరీక్షలో ఫస్టొచ్చినవాడిలా ఆ మెషిన్ అందరికీ తిప్పి చూపించాడు. సబిత్ర పాత కొలతకే గుచ్చిన బొగడబంతి దండ తెచ్చింది. అతను తల వంచాడు. వంచి, తనంతట తనే కాలర్ వెనక్కి లాగి పట్టుకున్నాడు.

"చూడు బహినీ, బాగా చూడు."

ఆవిడ చూసింది. నలుపు పూర్తిగా పోలేదు గానీ పల్చబడింది. చిన్నప్పుడు బడికి తనని ఎత్తుకెళ్ళిన అన్న మెడ, ఆ ముడతల కింద నుంచి మళ్ళీ కనబడింది. కళ్ళలో నీళ్ళు నిండి, దండ వెయ్యడానికి తడుముకోవాల్సొచ్చింది. పోయినేడు పొట్ట మీద ఆనుకున్న దండ ఈ ఏడు వదులుగా ఒళ్ళోకి జారింది.

సోఫాలో ఆమా పక్కన కొత్తగా నేపాల్ నుంచి దిగిన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ టంక దాయ్‌ని చూసి, జాలిగా, ఆమా చెవిలో అడిగింది. "అయ్యో, మీ అబ్బాయేనా? అలా చిక్కిపోయాడేంటి?"

ఆమా వెన్ను నిటారుగా పెట్టింది. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అంది. "అవును! చిక్కిపోయాడు. నా కూతురు చిక్కించింది."